ఆస్పిరిన్ డాక్టరు లారెన్స్ క్రేవెన్

మన వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ అంబేడ్కర్ గారి జీవితం, ఫూలే దంపతుల జీవితం వస్తూనే ఉంటాయి. రావాలి కూడా. వాటి పక్కన ఈసారి ఒక మామూలు డాక్టరు జీవితం రాయాలనుకున్నాము. ఆయన పేరు లారెన్స్ క్రేవెన్. గుండె జబ్బుల వైద్యం చదివినవాళ్ళలో కొందరికి ఈ పేరు తెలుసు. మిగతావాళ్ళకు ఆయన తెలియకపోయినా ఆయన చెప్పిన మాత్ర తెలుసు. మన ఇళ్ళలో నాన్నకో పెదనాన్నకో గుండెనొప్పి వచ్చి స్టెంటు వేశాక, రోజూ అన్నం తిన్న తర్వాత వేసుకోమని డాక్టర్లు రాసే చిన్న మాత్ర ఒకటుంటుంది. 75 మిల్లీగ్రాములది. అదే ఆస్పిరిన్. అది గుండెకు మంచిదని, అదే రక్తస్రావం కూడా తెస్తుందని, ఈ రెండింటి మధ్య తేడా ఎంత వేసుకుంటామన్న దానిలో ఉందని తెలుసుకోవడానికి సుమారు 50 ఏళ్ళు పట్టింది. ఆ దారిలో మొదట నడిచినవాళ్ళలో క్రేవెన్ ఒకరు.

ఆయన 1883లో అమెరికాలో పుట్టారు. లాస్ ఏంజిల్స్‌ను ఆనుకుని ఉండే గ్లెండేల్ అనే పట్నంలో ప్రాక్టీసు చేసేవారు. మనం చెప్పుకోబోయే సంగతులన్నీ అక్కడే జరిగాయి. ఆయన పెద్ద కాలేజీలో ప్రొఫెసరు కాదు. పరిశోధనశాల లేదు, చేతికింద సహాయకులు లేరు. జ్వరాలు, దగ్గులు, నొప్పులు అన్నీ చూసే డాక్టరు. చిన్న చిన్న ఆపరేషన్లు కూడా చేసేవారు. వాటిలో ఎక్కువగా చేసింది గొంతులో టాన్సిల్స్ తీసెయ్యడం. ఆ రోజుల్లో అమెరికాలో అది చాలా మామూలు ఆపరేషన్.

టాన్సిల్స్ తీశాక గొంతు పచ్చిపుండులా ఉంటుంది. మాత్ర మింగడం కష్టం. అందుకని నొప్పి తగ్గడానికి ఆస్పెర్‌గమ్ అనే చూయింగ్ గమ్ ఇచ్చేవాళ్ళు. ఒక్కో బిళ్ళలో సుమారు 227 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఉండేది. నమిలితే నొప్పి తగ్గుతుంది, తియ్యగా ఉంటుంది, పిల్లలు ఇష్టంగా నములుతారు. 1940ల్లో క్రేవెన్ ఒక సంగతి గమనించారు. ఆపరేషన్ బాగానే జరిగినా కొందరికి తర్వాత గొంతులోంచి రక్తం కారడం మొదలయ్యేది. ఒక పట్టాన ఆగేది కాదు. కొందరిని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చేది.

ఇలాంటప్పుడు చాలామంది ఆపరేషన్‌లో ఏదో తేడా జరిగిందనుకుని ఊరుకుంటారు. క్రేవెన్ ఒక్కొక్కరినీ అడిగారు. ఏం తిన్నారు, ఏం వేసుకున్నారు, ఎన్నిసార్లు. తేలిందేమిటంటే, బాగా రక్తం పోయినవాళ్ళు ఆయన రాసిచ్చిన గమ్ చాలక, షాపులో ఇంకా కొనుక్కుని నమిలారు. చీటీ లేకుండానే అది దొరికేది. కొందరు రోజుకు 20 బిళ్ళల దాకా నమిలారు. మేము లెక్క వేసి చూశాము. 20 బిళ్ళలంటే 4,540 మిల్లీగ్రాములు. ఇంట్లో పెద్దవాళ్ళు వేసుకునే 75 మిల్లీగ్రాముల మాత్రలు ఒక్క రోజులో 60 మింగినట్టు.

ఆస్పిరిన్ అప్పటికి కొత్త మందేమీ కాదు. జర్మనీలోని బేయర్ కంపెనీ 1899 నుంచే అమ్ముతోంది. అది కడుపుకు పడదని కూడా డాక్టర్లకు తెలుసు. 1938లో లండన్‌లో ఇద్దరు డాక్టర్లు గొట్టం ద్వారా రోగుల కడుపు లోపలికి చూసి, ఆస్పిరిన్ ముక్క తగిలినచోట కడుపు గోడ ఎర్రగా వాచి ఉండడం కళ్ళారా చూశారు. 1945లో మరో డాక్టరు టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత రక్తం కారడానికి ఆస్పిరినే కారణం కావచ్చని రాశారు. కాబట్టి రక్తస్రావాన్ని మొట్టమొదట చూసింది క్రేవెన్ అని చెప్పలేము. ఆయన గొప్పతనం తర్వాతి ఆలోచనలో ఉంది.

గొంతులో గాయం అయినచోట రక్తం గడ్డకట్టకుండా చేస్తున్న ఈ మందు, గుండె రక్తనాళంలో గడ్డ కట్టకుండా కూడా చెయ్యగలదు కదా అని ఆయనకు తోచింది. కీడు చేస్తున్న గుణమే మరోచోట మేలు చెయ్యవచ్చు. ఇప్పుడు వింటే తేలికగా అనిపిస్తుంది. ఆ రోజుల్లో గుండెపోటు వస్తే డాక్టర్లు చెయ్యగలిగింది వారాల తరబడి మంచం మీద పడుకోబెట్టడం, ఆక్సిజన్, నొప్పికి సూది. 1955లో సాక్షాత్తు అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు కూడా వైద్యం దాదాపు ఆ స్థితిలోనే ఉంది.

రక్తం పలచబరిచే మందు ఒకటి అప్పటికే వచ్చింది. దాని కథ మన పల్లెటూరి పిల్లలకు నచ్చుతుంది. అమెరికాలో బూజు పట్టిన ఒక రకం గడ్డి తిన్న పశువులు, కొమ్ములు కోసినప్పుడో చిన్న దెబ్బ తగిలినప్పుడో రక్తం ఆగక చచ్చిపోయేవి. ఆ గడ్డిలోంచి విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త డైకుమరాల్ అనే పదార్థాన్ని వేరు చేశారు. 1941లో దాని వివరాలు అచ్చయ్యాయి. అది వాడితే మాటిమాటికీ రక్తపరీక్ష చేయించాలి. ఎక్కువైతే ప్రాణానికే ముప్పు. ఆస్పిరిన్‌కు ఆ పరీక్షలు అక్కర్లేదు, ధర కూడా తక్కువ. ఆస్పిరిన్ కూడా డైకుమరాల్ లాగే పనిచేస్తుందని క్రేవెన్ అనుకున్నారు. ఆ ఊహ తప్పని తర్వాత తేలింది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకు గుండెపోట్లు తక్కువ రావడానికి, వాళ్ళు ఒళ్ళు నొప్పులకు ఆస్పిరిన్ ఎక్కువగా వాడడమే కారణమేమోనని కూడా ఊహించారు. ఆ ఊహ మాకంత బలంగా అనిపించలేదు.

ఆస్పిరిన్‌తో నిజంగా రక్తం కారుతుందా లేదా అని ఆయన తన ఒంటి మీదే పరీక్ష చేసుకున్నారు. అక్కడి మామూలు మాత్ర 5 గ్రెయిన్లది, అంటే 325 మిల్లీగ్రాములు. అవి రోజుకు 12 చొప్పున మింగారు. 5 రోజులయ్యేసరికి దెబ్బ ఏమీ తగలకుండానే ముక్కులోంచి రక్తం కారింది. మాత్రలు ఆపారు, రక్తం ఆగింది. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అదే జరిగింది. ఒక్కసారి జరిగితే కాకతాళీయం అనవచ్చు గనక మళ్ళీ మళ్ళీ చేసి చూసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 60 దాటింది. రోజుకు 3,900 మిల్లీగ్రాములు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇది ఎవరూ చెయ్యకూడని పని. ఆ మోతాదులో కడుపులో పుండు పగిలి ఉంటే ఈ కథ అక్కడితో ఆగిపోయేది.

1948లో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు న్యూయార్కులో కన్నుమూసిన ఏడాదే, క్రేవెన్ తన ఆలోచనను ఒక ఉత్తరంగా వైద్య పత్రికకు రాశారు. 1950లో ఇంకో వ్యాసం. తన దగ్గరకొచ్చే 40 నుంచి 65 ఏళ్ళ మగవాళ్ళు 400 మందికి రోజూ ఆస్పిరిన్ ఇచ్చానని, 2 ఏళ్ళలో ఒక్కరికి కూడా గుండెపోటు రాలేదని అందులో చెప్పారు. 1953లో మళ్ళీ రాశారు. 1956లో రాసిన దానిలో ఆ లెక్క 8,000 మందికి చేరింది. గుండెతో పాటు మెదడులో గడ్డకట్టి వచ్చే పక్షవాతాన్ని కూడా ఇది ఆపుతుందని అందులో చేర్చారు. వీళ్ళలో ఎక్కువమంది కూర్చుని పనిచేసేవాళ్ళు, లావుగా ఉన్నవాళ్ళు.

మాకు ముఖ్యంగా కనిపించింది మోతాదు విషయం. మొదట్లో ఆయన రోజుకు రెండు నుంచి ఆరు మాత్రల దాకా ఇచ్చేవారు. పోను పోను తగ్గించుకుంటూ చివరికి రోజుకు ఒక్క మాత్ర చాలన్నారు. ముక్కులోంచి రక్తం కార్చిన 12 మాత్రలు ఎక్కడ, ఈ ఒక్కటి ఎక్కడ. తక్కువ మోతాదుతో పని జరుగుతున్నప్పుడు ఎక్కువ ఎందుకన్నది ఆయన అనుభవంతో పట్టుకున్నారు.

అయితే ఆయన పద్ధతిలో పెద్ద లోపం ఉంది. అది కప్పిపుచ్చడం మాకిష్టం లేదు. ఆస్పిరిన్ వేసుకున్నవాళ్ళను లెక్కపెట్టారు కానీ, అదే వయసులో అలాంటి ఒళ్ళే ఉండి ఆస్పిరిన్ వేసుకోనివాళ్ళను పక్కన పెట్టి పోల్చలేదు. సైన్సు ప్రాక్టికల్స్‌లో మన సార్లు కంట్రోల్ అంటారే, అది లేదు. 8,000 మంది నడివయసు మగవాళ్ళలో ఏళ్ళ తరబడి ఒక్క గుండెపోటూ రాలేదంటే నమ్మడం కష్టం. తర్వాత జరిగిన ఏ పెద్ద పరీక్షలోనూ అలా సున్నా రాలేదు. తన రోగుల్లో 9 మంది గుండెపోటుతో పోయారనుకుంటే, శవపరీక్షలో బృహద్ధమని పగిలినట్టు తేలిందని కూడా ఆయన రాశారు. గుండె కోసం రాసిన మందు ఆ పగుళ్ళలో రక్తస్రావాన్ని ఎంత పెంచిందన్నది ఆ వ్యాసాల నుంచి తేలదు. మేలును లెక్కించినంత శ్రద్ధగా కీడును లెక్కించలేదని మా అభిప్రాయం.

చివరి వ్యాసం వచ్చిన మరుసటి ఏడు, 1957లో, క్రేవెన్ గుండెపోటుతోనే మరణించారు. ఆయన వ్యాసాలు వచ్చిన పత్రికలు చిన్నవి. ఒకదాని పేరు మిసిసిపీ వ్యాలీ మెడికల్ జర్నల్. పెద్ద నగరాల డాక్టర్లు వాటిని తెరిచి చూడడం తక్కువ. చూసినవాళ్ళకైనా, ఆస్పిరిన్ గుండెపోటును ఆపుతుందన్న మనిషి గుండెపోటుతోనే పోయాడన్న సంగతి నమ్మకం పెంచదు కదా. ఒక్క మనిషి చావుతో ఒక మందు పనిచేస్తుందనో చెయ్యదనో తేల్చకూడదు. 8,000 మంది బతికి ఉండడంతో కూడా తేల్చకూడదని క్రేవెన్‌కు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఆస్పిరిన్ రక్తం గడ్డకట్టడాన్ని ఎలా ఆపుతుందో ఆయన పోయాక 10 ఏళ్ళకు తెలియడం మొదలయ్యింది. 1960ల చివర్లో అది ప్లేట్‌లెట్ల మీద పనిచేస్తుందని కనుక్కున్నారు. 1971లో ఇంగ్లండ్‌లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త, ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు ఒంట్లో తయారు కాకుండా ఆస్పిరిన్ అడ్డుపడుతుందని చూపించారు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. సంగతి ఇది. ప్లేట్‌లెట్‌లో ఉండే ఒక ఎంజైమును ఆస్పిరిన్ శాశ్వతంగా పాడుచేస్తుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు గనక కొత్త ఎంజైమును తయారు చేసుకోలేదు. అది బతికే 8, 10 రోజులూ గడ్డకట్టే పనిలో వెనకబడే ఉంటుంది. అందుకే కొద్దిపాటి ఆస్పిరిన్ రోజూ వేసుకుంటే చాలు. అంతకు మించి వేసుకుంటే ప్లేట్‌లెట్లకు కొత్తగా జరిగేది పెద్దగా ఏమీ లేదు. కడుపు గోడను ఆమ్లం నుంచి కాపాడే ప్రోస్టాగ్లాండిన్లు మాత్రం ఇంకా తగ్గిపోతాయి. గమ్ నమిలిన పిల్లల రక్తానికీ, కడుపులో పుండ్లకూ ఇదే మూలం.

ప్లేట్‌లెట్లంటే మన హాస్టళ్ళలో తెలియనివాళ్ళు లేరు. డెంగీ వచ్చినప్పుడు పడిపోయేవి అవే. ఉన్న ప్లేట్‌లెట్లు తగ్గిపోతున్నప్పుడు, మిగిలినవాటిని కూడా ఆస్పిరిన్‌తో పనికిరాకుండా చేసుకుంటే రక్తస్రావం పెరుగుతుంది. అందుకే డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ వెయ్యకూడదని, జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే వాడాలని డాక్టర్లు చెబుతారు. నీళ్ళలో వేసి తాగే డిస్ప్రిన్‌లో ఉండేది ఆస్పిరినే. తలనొప్పి, జ్వరం కలిసి వచ్చినప్పుడు షాపుకెళ్ళి అది కొనుక్కుని వేసుకునే అలవాటు మన గదుల్లో ఇంకా ఉంది. పైగా 16 ఏళ్ళలోపు పిల్లలకు జ్వరంలో ఆస్పిరిన్ ఇస్తే రేస్ సిండ్రోమ్ అనే జబ్బు రావచ్చు. అరుదే, కానీ మెదడును, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. హైస్కూలు తరగతుల తమ్ముళ్ళు, చెల్లెళ్ళు జ్వరమొస్తే ముందు వార్డెన్ సారుకో మేడమ్‌కో చెప్పండి.

క్రేవెన్ చెయ్యకుండా వదిలేసిన పోలిక పరీక్షలు 1970ల నుంచి జరిగాయి. 1974లో వేల్స్‌లోని కార్డిఫ్‌లో గుండెపోటు నుంచి బయటపడిన 1,239 మంది మగవాళ్ళతో చేసిన పరీక్షలో మేలు కనిపించింది కానీ గట్టిగా చెప్పేంత కాదు. 1988లో వచ్చిన ఐసిస్-2 పరీక్షతో సందేహం తీరింది. గుండెపోటు అనుమానంతో వచ్చిన 17,187 మందిని తీసుకున్నారు. నెల రోజుల పాటు ఆస్పిరిన్ ఇచ్చినవాళ్ళలో గుండె, రక్తనాళాల కారణంగా జరిగే మరణాలు నూటికి 23 వంతులు తగ్గాయి. వాళ్ళకు ఇచ్చిన మోతాదు 162.5 మిల్లీగ్రాములు, అంటే క్రేవెన్ ఇచ్చిన ఒక్క మాత్రలో సరిగ్గా సగం.

మరుసటి ఏడాది, 1989లో, 22,071 మంది అమెరికా మగ డాక్టర్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. వీళ్ళకు ముందు గుండెపోటు లేదు. రోజు విడిచి రోజు 325 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్ళలో మొదటి గుండెపోట్లు నూటికి 44 వంతులు తగ్గాయి. అదే సమయంలో రక్తం ఎక్కించాల్సి వచ్చినవాళ్ళు ఆస్పిరిన్ వైపు 48 మంది, ఉత్త మాత్ర వైపు 28 మంది. మేలూ కీడూ పక్కపక్కన అంకెల్లో కనిపించాయి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ విషయంలో ఆ త్రాసు తర్వాత ఇంకోవైపు మొగ్గింది. బి.పి., కొలెస్టరాల్ మందులు బాగుపడ్డాయి, పొగతాగడం తగ్గింది, దానితో ఆస్పిరిన్ కొత్తగా కాపాడవలసింది తగ్గింది. 2018లో వచ్చిన ఆస్ప్రీ పరీక్షలో ఆస్ట్రేలియా, అమెరికాల నుంచి 19,114 మంది పాల్గొన్నారు. ఎక్కువమంది 70 దాటినవాళ్ళు, గుండెజబ్బు లేనివాళ్ళు. రోజుకు 100 మిల్లీగ్రాములు వేసుకుంటే గుండెజబ్బులు చెప్పుకోదగినంత తగ్గలేదు. పెద్ద రక్తస్రావాలు మాత్రం ఏడాదికి వెయ్యిమందికి 6.2 నుంచి 8.6కి పెరిగాయి. గుండెజబ్బు లేనివాళ్ళు 60 దాటాక ముందుజాగ్రత్త కోసమని కొత్తగా ఆస్పిరిన్ మొదలుపెట్టవద్దని 2022లో అమెరికా నిపుణుల సంఘం చెప్పింది. క్రేవెన్ రోగుల్లో చాలామంది ఇలా జబ్బు లేకుండా ముందుజాగ్రత్తగా మింగినవాళ్ళే. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్ళు, స్టెంటు వేసినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు మేలు ఎక్కువ. ఇది చదివి ఇంట్లో నాన్న మాత్రను ఎవరూ ఆపించవద్దు. స్టెంటు ఉన్నవాళ్ళు మాత్ర ఉన్నట్టుండి మానేస్తే దానిలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. డాక్టరును అడగకుండా ఏదీ మార్చకూడదు.

ఇక మోతాదు. 1991లో నెదర్లాండ్స్ డాక్టర్లు, చిన్నపాటి పక్షవాతం వచ్చి తగ్గిన 3,131 మందికి రోజుకు 30 లేదా 283 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. గుండెపోటు, పక్షవాతం, మరణాలు కలిపి రెండు వైపులా దాదాపు ఒక్కటే. పెద్ద రక్తస్రావాలు 30 వైపు 40, 283 వైపు 53. చిన్నవి 49, 84. 1995లో బ్రిటన్‌లో వచ్చిన మరో అధ్యయనంలో, ఆస్పిరిన్ వేసుకోనివాళ్ళతో పోలిస్తే పుండు నుంచి రక్తం కారే ప్రమాదం 75 మిల్లీగ్రాములతో 2.3 రెట్లు, 150తో 3.2 రెట్లు, 300తో 3.9 రెట్లు ఉన్నట్టు తేలింది. చిన్న మోతాదు పూర్తిగా క్షేమం కాదని ఆ మొదటి అంకె చెబుతోంది. పైపూత వేసిన మాత్ర అయితే ఏమీ కాదని మందుల షాపుల్లో చెబుతుంటారు. 1996లో అచ్చయిన ఒక పరిశీలనలో పూత ఉన్న మాత్రకూ లేని మాత్రకూ రక్తస్రావంలో తేడా దాదాపు లేదు. ఇంట్లో ఎవరికైనా విరేచనం నల్లగా తారులా అయినా, వాంతి కాఫీపొడి రంగులో వచ్చినా, ఆ మాత్ర వాడుతున్నారని చెబుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులకు వేరే నొప్పి మాత్రలు కలిపి వేసుకునే పెద్దవాళ్ళకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

2021లో అమెరికాలో గుండెజబ్బు ఉన్న 15,076 మందిని రెండుగా విడదీసి, సగం మందిని రోజుకు 81 మిల్లీగ్రాములు, మిగతా సగాన్ని 325 వేసుకోమన్నారు. గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ పరీక్షలో పెద్ద రక్తస్రావాల్లోనూ తేడా తేలలేదు. కానీ 325 వేసుకోమన్నవాళ్ళలో నూటికి 40 మందికి పైగా మధ్యలోనే చిన్న మాత్రకు మారిపోయారు. ఆ 325 మిల్లీగ్రాములు క్రేవెన్ 1956లో రోజుకొకటి చాలన్న 5 గ్రెయిన్ల మాత్రే. అమెరికాలో గుండె కోసం అమ్మే 81 మిల్లీగ్రాముల మాత్ర దానిలో నాలుగో వంతు.